టిప్పు కింద రాసిన మాట

"పళ్ళు కనపడేలా నవ్వకు." బారులో పనికి వెళ్ళిన మొదటిరోజు పొద్దున్న మా ఆయన నాకిచ్చిన సలహా ఇదొక్కటే. అప్పుడు నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. బారు వాళ్ళిచ్చిన నా నల్లచొక్కా కుర్చీ మీద నలిగిపోయి పడుంది. నా బట్టల వంతు ఎప్పుడూ ఆఖరే. "అడిగింది పోసి ఇవ్వు, డబ్బు తీసుకో, తల దించుకుని నీ పని నువ్వు చూసుకో. మన పరువు మనమే కాపాడుకోవాలి" అన్నాడు. మన అన్నాడు గానీ కాపాడవలసింది నేనొక్కదాన్నే అని ఇద్దరికీ తెలుసు. సరే అన్నాను. ఇస్త్రీపెట్టె వేడి తగ్గకముందే నా చొక్కా కూడా ఓసారి అటూ ఇటూ రుద్ది, వేసుకుని వెళ్ళిపోయాను.

అంతకుముందు నాలుగేళ్ళు ఆ బారు ఉన్న హోటల్లోనే నేలమాళిగలో ఉండేదాన్ని, దుప్పట్లు ఉతికే మిషన్ల దగ్గర. రోజుకు రెండు వందల దుప్పట్లు మడతపెట్టేదాన్ని. అప్పుడు ఎవరి పరువూ పోలేదు. పైన బారులో పగటి షిఫ్టు మనిషి మానేస్తే సూపర్‌వైజరు నన్ను పిలిచి, "నువ్వు చేస్తావా? జీతం అంతే. టిప్పులు మాత్రం నీవే" అన్నాడు. నీవే అనే మాట విని ఎన్నాళ్ళయిందో. ఆ ఒక్క మాటకే ఒప్పేసుకున్నాను. మా అత్తగారు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదోరోజు ఎదురింటావిడతో "మా కోడల్ని లెక్కల్లోకి మార్చారమ్మా, కూర్చుని చేసే పని" అని చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఏడు దాకా, కనీసం స్టూలైనా లేని పనికి ఆవిడ పెట్టిన పేరది.

ఆ కౌంటరు వెనక ముప్ఫై ఏళ్ళుగా నిలబడ్డ ఆయన ఒకరున్నారు. అసలు పేరు ఎవరూ అడగరు, అందరికీ పెద్దాయనే. నేను బాబాయ్ అని పిలుస్తాను. చేరిన వారానికే మొహమాటం లేకుండా అడిగేశాను, "టిప్పులు బాగా రావాలంటే ఏం చెయ్యాలి బాబాయ్?" అని.

"ముందు టిప్పు వంక చూడ్డం మానెయ్యమ్మా" అన్నాడు ఆయన. "వాళ్ళు డబ్బు తీసేటప్పుడు నువ్వు గ్లాసులు తుడుచుకో, అటు తిరుగు. ఎంత పెడుతున్నారో అని నీ కళ్ళు అటు వెళ్ళాయంటే ఇచ్చే చెయ్యి వెనక్కి పోతుంది."

ఆ మాటకు గట్టిగా కట్టుబడ్డాను. ఇంకా చాలా చెప్పాడు. గ్లాసు ఎప్పుడూ కింద పట్టుకోవాలి, నోరు పెట్టేచోట వేలు తగలకూడదు. ఒంటరిగా వచ్చినవాళ్ళని మొదటి పది నిమిషాలు పలకరించకూడదు. రెండోసారి వచ్చినప్పుడు ఏం కావాలని అడగకూడదు, "అదేనా?" అనాలి. అన్నిటికంటే ముఖ్యం నవ్వు. గ్లాసు ముందు పెట్టేటప్పుడు నవ్వవచ్చు, బిల్లు పెట్టేటప్పుడు మాత్రం నవ్వకూడదు. "బిల్లు దగ్గర నవ్వావంటే చెయ్యి చాచినట్టే. కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటిదే" అన్నాడు.

రెండు నెలల్లో నాకు పెద్దాయన కంటే ఎక్కువ టిప్పులు రావడం మొదలైంది. అందరూ ఆశ్చర్యపోయారు గానీ నాకేం ఆశ్చర్యం లేదు. పదకొండేళ్ళుగా ఇంట్లో చేస్తున్న పనే కదా. మా ఆయనకు టీ పొగలు తగ్గాక కావాలి, అత్తగారికి పొగలు కక్కుతూ కావాలి. మామగారు ఉన్నన్నాళ్ళూ ఆయనకు గ్లాసు అంచుదాకా నీళ్ళు పోస్తే కోపం, తక్కువ పోస్తే ఇంకా కోపం. ఎవరు ఎప్పుడు పలకరిస్తే కసురుతారో, ఎవరి మౌనం వెనక ఆకలుందో, ఎవరి మౌనం వెనక అలకుందో నాకు కొట్టిన పిండి. తేడా అల్లా ఒక్కటే. ఇక్కడ గుర్తుపెట్టుకుంటే డబ్బిస్తారు, అక్కడ మర్చిపోతే తిడతారు.

వచ్చేవాళ్ళందరూ పెద్దమనుషులని చెప్పను. ఒకడు పెద్ద నోటు తీసి, ఒక కొస నా చేతిలో పెట్టి, రెండో కొస తన వేళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. "ఒక్కసారి నవ్వు, వదిలేస్తా" అన్నాడు. పక్కన అతని స్నేహితులు కాబోలు, కిసుక్కుమన్నారు. నేనే వదిలేశాను. గుడ్డ తీసుకుని కౌంటరు తుడుచుకుంటూ అవతలి చివరికి వెళ్ళిపోయాను. తల కొట్టేసినట్టయింది. సాయంత్రం ఇంటికెళ్ళాక ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. మా ఆయనకు చెబితే ఉద్యోగం మానమంటాడు. అత్తగారి లెక్క ప్రకారం నేను కూర్చుని లెక్కలు రాస్తున్నాను, అక్కడ నోటు పట్టుకుని లాగేవాడే ఉండడు. కూరలు తరుగుతూ నాకు నేనే చెప్పుకున్నాను. విన్నాను కూడా నేనే.

అలా గడిచిపోతుండగా హోటల్ వాళ్ళు కొత్త పద్ధతి తెచ్చారు. చేతిలో చిల్లర ఉండటం లేదు కాబట్టి, టిప్పు ఇవ్వదలుచుకున్నవాళ్ళు ఫోన్‌తో స్కాన్ చేస్తే నేరుగా మా ఖాతాలో పడేలా ఒక్కొక్కరికీ ఒక చిన్న కార్డు చేయించారు. కౌంటరు మీద నిలబెట్టుకోవచ్చు. "ఖాతా నంబరు రాసివ్వండి" అన్నాడు సూపర్‌వైజరు. నాకున్నది ఒకటే ఖాతా, పెళ్ళయిన కొత్తలో ఇద్దరి పేరునా తెరిచింది. దానికిచ్చిన ఫోన్ నంబరు మా ఆయనది. మరో ఆలోచన లేకుండా అదే రాసిచ్చాను. కార్డు వచ్చిన రోజు నిజంగా ముచ్చటేసింది, నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు.

ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మా ఆయన అడిగాడు. "మూడింటికి యాభై ఇచ్చిందెవరు?"

నాకు అర్థం కాలేదు. ఆయన ఫోన్ ఎత్తి చూపించాడు. ఎవరు నాకు టిప్పు ఇచ్చినా ఆయన జేబులో టింగుమంటుందన్నమాట. ఆ రోజు నుంచీ అదే వరస. నాలుగుంపావుకి వంద ఇచ్చినవాడికి అంత ఉదారం ఎందుకు పుట్టింది? ఒకడే రెండుసార్లు ఎందుకిచ్చాడు? రెండున్నర నుంచి మూడున్నర దాకా ఒక్కటీ రాలేదేం, ఎక్కడికెళ్ళావు? బాత్రూముకి వెళ్ళాను మహానుభావా అందామనుకుని, "జనం లేరు" అన్నాను. ఆదివారాలు ఆయనకు సెలవు, నాకు పని. ఆయన మధ్యాహ్నం పడుకుంటే ఫోన్ అత్తగారి దగ్గరుండేది. మోగినప్పుడల్లా ఆవిడ "ఒరేయ్, నీ పెళ్ళాం మోగిందిరా" అని కేకేసేదట. ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్ళట. ఆయనే చెప్పాడు నాకు, నేనూ నవ్వుతాననుకుని.

ఇంత చెప్పి గుండీల ఆవిడ సంగతి చెప్పకపోతే ఎలా. పక్కవీధిలో గుండీలు, జిప్పులు, దారపు ఉండలు అమ్మే కొట్టు ఆవిడది. అరవై దాటి ఉంటాయి. బుధవారం కొట్టుకి సెలవు, సరిగ్గా నాలుగింటికి వచ్చి కౌంటరు చివరి కుర్చీలో కూర్చుంటుంది. జిన్నులో నిమ్మరసం, చిటికెడు ఉప్పు, రెండే రెండు ఐసుముక్కలు. చెవులు సరిగ్గా వినపడవు. బారులో పాటల హోరుకి చెవిమిషన్ కీచుమంటుందని తీసి సంచిలో వేసుకుంటుంది. అందుకని మాటలుండవు. నేను కనుబొమలెగరేసి "అదేనా?" అంటాను, ఆవిడ తల ఊపుతుంది. ఒక గంట కూర్చుని, వెళ్ళేముందు ఫోన్ తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, చాలాసేపు ఏదో నొక్కుతుంది. పెద్దావిడ కదా, అంకెలు వెతుక్కుంటోందనుకునేదాన్ని. తర్వాత తలెత్తి నా మొహంలోకి చూసేది. నేను పెద్దాయన చెప్పిన మాట తూచా తప్పకుండా, గ్లాసులు తుడుచుకుంటూ అటు తిరిగేదాన్ని.

వానల వల్లనో ఏమో ఒక నెల జనం పలచబడ్డారు. మా ఆయన జేబు అంతగా మోగడం లేదు. ఓ పొద్దున్న ఆయన నాకు తనంతట తానే టీ కలిపి తెచ్చాడు. పంచదార ఎంతో అడగలేదు, తనకు వేసుకున్నట్టే మూడు చెంచాలు వేశాడు. కొత్త బండి ఒకటి చూశానని, టిప్పులు ఇదివరకటిలా వస్తుంటే నెలనెలా సులువుగా కట్టేయవచ్చని చెప్పాడు. చెప్పి, "నువ్వు అక్కడ ముఖం ముడుచుకుని నిలబడతావేమో. కాస్త నవ్వుతూ ఉండు. నవ్వితే ఏం పోయింది?" అని నావంక చూసి నవ్వాడు.

బిల్లు పెట్టేటప్పటి నవ్వు. చూడగానే గుర్తుపట్టాను.

అప్పుడూ నేను ఆయన చొక్కాయే ఇస్త్రీ చేస్తున్నాను. పళ్ళు కనపడకూడదన్నది ఈ నోరే. పదకొండు నెలలు తిరక్కుండానే కనపడాలంటోంది. నా నవ్వు నా మొహాన ఉన్న వస్తువే గానీ, ఎప్పుడు మూయాలో ఎప్పుడు తెరవాలో ఆయన చేతిలో ఉంది. కొట్టు తలుపులా. నోటు కొస పట్టుకుని లాగినవాడికీ ఈయనకీ తేడా ఏమిటని ఆలోచించాను. వాడు కనీసం నన్ను టీ పేరుతో మోసం చెయ్యలేదు. ఆ టీ తాగలేకపోయాను. తొట్టిలో పారబోసి, గ్లాసు కడిగి బోర్లించాను.

ఆ వారమే, బుధవారం, గుండీల ఆవిడ వెళ్ళబోతూ ఆగింది. సంచిలోంచి చెవిమిషన్ తీసి పెట్టుకుంది. ఎప్పుడూ లేనిది. వినపడనివాళ్ళ అలవాటు కొద్దీ కాస్త గట్టిగానే అడిగింది. "నేను రాసేవి నీకు నచ్చడం లేదా అమ్మాయ్?"

"ఏం రాశారండీ?" అన్నాను.

"డబ్బు పంపేటప్పుడు కింద రాస్తాను కదా. మాట్లాడితే నాకు వినపడి చావదు, నీకేమో పని. అందుకని రాస్తున్నాను. ఏడు నెలలైంది. ఒక్కసారైనా తల ఊపుతావేమోనని చూస్తాను, నువ్వు అటు తిరిగిపోతావు." ఆవిడ గొంతులో కోపం లేదు. "ఇబ్బందిగా ఉంటే చెప్పు, మానేస్తాను. ముసలిదాన్ని, ఏదో చాదస్తం."

అవి నాకు రావని, ఇంకొకరి జేబులోకి పోతాయని ఎలా చెప్పడం? నలుగురి మధ్య నా సంసారం విప్పి పెట్టినట్టుంటుంది. "లేదండీ, అలా కాదండీ" అంటూ నేను తడబడుతుండగానే ఎవరో రెండు బీర్లు అడిగారు. నేను పోసి వచ్చేసరికి కుర్చీ ఖాళీ.

ఇంటికెళ్ళగానే అడిగాను. మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"ఓ, అదా. ఎవరో పనీపాటా లేని ముసలావిడ."

"ఏం రాసింది?"

"ఏమో, అవన్నీ గుర్తుంటాయా? కాళ్ళు నొప్పి పుడుతున్నాయా అని ఒకసారి రాసింది. అమ్మకి చదివి వినిపిస్తే ఒకటే నవ్వు."

"లెక్కలు రాసే పనికి కాళ్ళనొప్పులేంటి, విడ్డూరం కాకపోతే" అంది అత్తగారు మంచం మీంచి. తను కల్పించిన అబద్ధాన్ని ఆవిడ ఎప్పుడో నమ్మేసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికి ఏముంది అందులో? డబ్బు వచ్చింది కదా."

"ఉన్నాయా అవి?"

"ఎప్పటికప్పుడు తీసేస్తాను. ఫోన్ నిండిపోదూ?"

వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ముందేసుకున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఒళ్ళు మండిపోయింది. డబ్బు కోసం కాదు. డబ్బు ఇంటిదే అనుకోవడం నాకు అలవాటైపోయింది. కానీ నాకని రాసిన మాటని, నాకంటే ముందు చదివి, నవ్వుకుని, తుడిచేశారు. ఈ ఏడు నెలల్లో నా కాళ్ళ గురించి అడిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. ఆవిడ అడిగిన సంగతి నాకు తెలియదు. నేను మొహం తిప్పుకున్నానని ఆవిడ ఏడు నెలలుగా అనుకుంటోంది. ఎంత ఒంటరిదాన్నో నాకు అప్పుడే పూర్తిగా తెలిసింది. నాకెవరూ లేరని కాదు, ఉన్న మనిషి కూడా నా దాకా రాలేకపోయింది.

మర్నాడు పనికి ముందు బ్యాంకుకి వెళ్ళాను. గాజుపలక వెనక కూర్చున్న అమ్మాయితో, ఈ ఖాతాలోకి ఏడు నెలలుగా ఎవరెవరు ఏం పంపారో కాగితం మీద కావాలన్నాను. "మా ఆయన్ని తీసుకురావాలా?" అని కూడా అడిగాను.

"ఎందుకండీ? ఖాతాలో రెండో పేరు మీదే కదా" అంది ఆ అమ్మాయి మామూలుగా.

ఆ సంగతి నాకు పదకొండేళ్ళుగా తెలుసు. ఇంకొకరి నోట వినడం మొదటిసారి.

ఆరు కాగితాలు వచ్చాయి. అక్కడే ఇనుప కుర్చీలో కూర్చుని బుధవారాలు వెతుక్కున్నాను. ఒక్కటి తప్ప ప్రతి బుధవారం, ఐదింటికి కాస్త అటూ ఇటూగా, ఆవిడ పేరు. దాని పక్కన ఇరుకైన గడిలో ఆవిడ రాసినది. గడి చిన్నది కావడంతో సగంలోనే తెగిపోయింది. 'కాళ్ళు నొప్పి పుడుతున్నాయా, ఒక స్టూ' అని ఒకటి. 'నిమ్మకాయ కోసేటప్పుడు నువ్వు లోలోపల పా' అని ఒకటి. పాడుకుంటానా నేను? నాకే తెలియదు. 'పోయినవారం నువ్వు లేవు, జ్వర' అని ఒకటి. నిజమే, మూడు రోజులు జ్వరం. ఇంట్లో ఆ మూడు రోజులూ వంట నేనే చేశాను. 'మా ఆయన పోయాక ఇలా ఒకరు నన్ను గు' అని ఒకటి. 'ఆ నోటు వదిలేసి వచ్చేశావు చూడు, అప్పు' అని ఒకటి. ఆవిడ చూసింది. నేను కూరలు తరుగుతూ గోడకి చెప్పుకున్న సంగతి ఒక మనిషి కళ్ళారా చూసింది, రాసింది కూడా. అన్నిటికంటే కింద, నిన్నటిది. 'నవ్వు గురించి ఒక మాట చెప్పనా, ను'. అంతే ఉంది. ఈవిడ కూడా నవ్వమనే అంటోందా అనుకున్నాను.

కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. మళ్ళీ గాజుపలక దగ్గరికి వెళ్ళి, "కొత్త ఖాతా ఒకటి తెరవాలి. నా ఒక్కదాని పేరు మీద" అన్నాను. ఫోన్ నంబరు దగ్గర ఆ అమ్మాయి ఆగి నావంక చూసింది. నాది చెప్పాను. జీతం పాత ఖాతాకే వెళ్తుంది, ఇల్లు గడవాలి. టిప్పులు నావి. అలా అని చెప్పే కదా నన్ను ఆ పనిలో పెట్టారు.

ఆ ఖాతా నంబరు సూపర్‌వైజరుకి రాసిచ్చాను, కౌంటరు మీద పెట్టే కొత్త కార్డు వచ్చేసరికి మంగళవారమైంది. బుధవారం పొద్దున్న నా చొక్కా ముందు ఇస్త్రీ చేసుకున్నాను. మా ఆయన తన చొక్కా చేత్తో పట్టుకుని కాసేపు నిలబడి, నలిగినదే వేసుకుని వెళ్ళాడు.

నాలుగైంది. చివరి కుర్చీ ఖాళీ. నాలుగుంపావైంది. ఇంక రాదేమో అనిపించింది, ఎందుకొస్తుంది, ఏడు నెలలు మాట్లాడి జవాబు లేకపోతే ఎవరైనా ఎందుకొస్తారు. ఈలోగా నా జేబులో ఫోన్ కదిలింది. మా ఆయన. 'పొద్దున్నుంచి ఒక్కటీ మోగలేదు. ఎవరూ రావట్లేదా? కాస్త నవ్వుతూ ఉండమన్నానుగా.' నిలబడే జవాబు రాశాను. 'వస్తున్నారు. టిప్పులు ఇకనుంచి నా ఫోన్‌కి వస్తాయి. మిగతాది ఇంటికొచ్చాక మాట్లాడదాం.' పంపేటప్పుడు భయం వేసింది. పంపాను. ఫోన్ సొరుగులో పెట్టి మూసేశాను.

నాలుగున్నరకి ఆవిడ వచ్చింది. మొహమాటంగా, కొత్త చోటికి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చుంది. నేను అదేనా అని అడగలేదు. గ్లాసు తెచ్చిపెట్టాను. తర్వాత ఆ ఆరు కాగితాలూ, బిల్లు పెట్టేచోట, ఆవిడ ముందు పరిచాను. పక్కన కలం పెట్టాను.

"ఇవి నాకు నిన్నామొన్నటిదాకా అందలేదండీ" అన్నాను గట్టిగా. బారంతా వింటే విననీ. "వేరేవాళ్ళు తీసుకున్నారు. ఇప్పుడు దొరికాయి, అదీ సగం సగమే. మిగతా సగం మీరే రాసివ్వాలి."

ఆవిడ కళ్ళజోడు నుదుటికెత్తి కాగితాలన్నీ ఒక్కొక్కటే చూసింది. గ్లాసులో ఐసు కరిగిపోతున్నా ముట్టుకోలేదు. ఒకసారి నావంక చూసింది. నేను అటు తిరగలేదు. గుడ్డ భుజాన వేసుకుని అక్కడే, ఆవిడ ఎదురుగా నిలబడ్డాను.

ఆవిడ కలం తీసుకుని, అన్నిటికంటే కిందదానితో మొదలుపెట్టింది. అక్షరాలు పెద్దవి, తలకిందులుగా ఉన్నా చదవగలిగాను.

'నవ్వు గురించి ఒక మాట చెప్పనా, నువ్వు నవ్వకపోయినా నేను వస్తాను.'